పేలని పిస్తోలుకు నూటికి నూరు

మా ఎర్రబోడు చుట్టుపక్కల అడవిపందులకున్న సమయపాలన ఏ ప్రభుత్వ శాఖకూ లేదు. వేరుశనగ విత్తిన ఎనభై ఐదో రోజుకు కాయలో గింజ గట్టిపడుతుంది. ఎనభై ఆరో రోజు తెల్లవారుతుండగా అవి గుట్ట దిగుతాయి. సెలవు పెట్టవు. బదిలీ కావు. సాలు వెంబడి ముట్టెతో దున్నుకుంటూ, ఒక్క చెట్టు వదలకుండా చివరి గట్టు దాకా పోయి, ఎండ చురుక్కుమనే లోగా గుట్టెక్కుతాయి. మా నాగళ్లు కూడా అంత శుభ్రంగా దున్నవు.

మేం అర్జీలు పెట్టాం. ఏడేళ్లు పెట్టాం. ఎనిమిదో ఏట పైన ఎవరికో పంటకావలివాళ్ల చేతికి తుపాకులు ఇస్తే బాగుంటుందని తట్టింది. తట్టిన వారంలోనే తుపాకులు ఖరీదని కూడా తేలింది. పొడుగు ఉన్నకొద్దీ ఇనుము ఎక్కువ పడుతుంది కదా. కాబట్టి పొట్టివి చాలన్నారు. పొట్టివంటే పిస్తోళ్లు, చేతిలో ఇమిడేవి. దాంతో అడవిపందిని కొట్టాలంటే దాని చెవిలో రహస్యం చెప్పేంత దగ్గరికి పోవాలి. ఆ సంగతి పందికి చెప్పి ఒప్పించే బాధ్యత ఎవరిదో ఉత్తర్వుల్లో లేదు.

అందరికంటే తక్కువ ధరకు ఇస్తామన్న కంపెనీ అంతకుముందు ఇస్త్రీపెట్టెలు చేసేది. నలభై పిస్తోళ్లు వచ్చాయి. ఒక్కో పెట్టెలో ఒక్కో కరపత్రం ఉంది. తడిచేతులతో తాకరాదు, పట్టుబట్టల మీద నేరుగా వాడరాదు అని అందులో తెలుగులోనే అచ్చువేశారు.

వాటి నాణ్యత తేల్చడానికి ముగ్గురితో సంఘం వేశారు. అధ్యక్షులు పంట భద్రతా శాఖ ఉపసంచాలకులు పరాంకుశం గారు. సాంకేతిక నిపుణుడు మౌలాలి. ముప్పై ఏళ్లు పోలీసు ఆయుధాగారంలో తుపాకులు విప్పి, తుడిచి, బాగుచేసి రిటైరైన హవల్దారు. మూడోవాడు రైతు ప్రతినిధి. అది నేను. కాలేజీలో ఫిజిక్సు చదివి వచ్చి చెనిక్కాయ, అదే వేరుశనగ, విత్తుతున్నందుకు నన్నేశారు.

ఆ రోజుల్లో గంగులమ్మ చేను డెబ్బై తొమ్మిదో రోజులో ఉంది. మూడున్నర ఎకరాలు, కౌలుకు చేస్తోంది, సరిగ్గా గుట్ట మొదట్లో. పందులు దిగితే మొదట అడుగుపెట్టేది ఆ చేలోనే. ఆ దిక్కు కావలివాడిగా ప్రభుత్వం పెట్టింది ఆమె తమ్ముణ్ణే. పేరు సుంకన్న. కొత్త ఖాకీ చొక్కా ఇచ్చారు, అది మోకాళ్ల దాకా వచ్చింది.

పరీక్ష పాడుబడిన నాపరాళ్ల గనిలో పెట్టారు. పరాంకుశం గారు చేతిలో పద్నాలుగు గడుల పత్రంతో జీపు దిగారు. గురిబొమ్మగా పందిని వేయమని డ్రాయింగు మాస్టారికి చెబితే ఆయన దానికి రెండు కాళ్లే వేశాడు. పక్కనుంచి చూస్తే అంతే కనబడతాయన్నాడు. పిస్తోళ్లు పుచ్చుకోవడానికి కావలివాళ్లు నలభై మందీ వచ్చి గట్టుమీద కూర్చున్నారు.

మౌలాలి ఒకటో నంబరు తీసుకుని, గుండ్లు నింపి, గురిచూసి, ట్రిగ్గర్ నొక్కాడు.

టిక్.

మళ్లీ నొక్కాడు. టిక్. పదిసార్లు నొక్కాడు. పదిసార్లూ టిక్కే.

"ఇది పేలడం ల్యా సార్," అన్నాడు.

"పదికి పది. విశ్వసనీయత నూటికి నూరు," అన్నారు పరాంకుశం గారు. "రాసుకోండి రైతు ప్రతినిధిగారూ, ఆరో గడిలో."

"సార్, పేలడం ల్యా అంటాండా."

"విన్నానయ్యా. ఎన్నిసార్లు పేలలేదు?"

"పదిసార్లూ."

"మధ్యలో ఒక్కసారైనా మాట తప్పిందా?"

"ల్యా."

"మరింకేం కావాలి? మార్గదర్శకాలు వినండి. 'ఒక వస్తువును పదిమార్లు ఉపయోగించినపుడు పదిమార్లును ఒకే ఫలితము నిచ్చుటయే విశ్వసనీయత యనబడును.' తొంభై ఐదుకు తగ్గితే నాసిరకం."

శాఖ అంతకుముందు కొన్నవి బీరువాలు. ఆ మార్గదర్శకాలు వాటికోసం రాసినవి. బీరువా తలుపు పదిసార్లు లాగితే పదిసార్లూ ఒకేలా రావాలి. న్యాయమే. పిస్తోళ్లకు వేరే రాయాలంటే వేరే సంఘం వేయాలి. ఆ సంఘం నాణ్యత తేల్చడానికి ఇంకోటి వేయాలి.

"పేలడం ఏ గడిలోకి వస్తుంది సార్?" అని అడిగాను.

"అది పనితీరు. తొమ్మిదో గడి. ఆరో గడిలో పాసైనవాటికి తొమ్మిదో గడి మినహాయింపు. శాఖ సమయం వృథా కాకూడదు కదా."

నాకు అభ్యంతరం ఉంది. కానీ అభ్యంతరానికి గడి లేదు.

పని చకచకా సాగింది. నాలుగో నంబరు ట్రిగ్గర్ ఊడి మౌలాలి ఒళ్లో పడింది. "విడిభాగములు సులభముగా వేరగును, శుభ్రపరచుటకు అనుకూలము" అని రాయించారు. పదకొండో నంబరులో గుండే దూరలేదు. "దుర్వినియోగమునకు అవకాశము లేదు" అని రాయించారు. పదిహేడో దానికి నలుపు రంగు వేలికంటింది. అది పర్యావరణ హితమైన రంగు అయి ఉంటుందన్నారు. ఇరవై రెండు పిస్తోళ్లు, ఇరవై రెండు నూర్లు. మా కాలేజీలో ఫస్టొచ్చినవాడికి కూడా ఇన్ని రాలేదు.

మౌలాలి ఇరవై మూడో నంబరు ఎత్తి, చూడనైనా చూడకుండా నొక్కాడు.

గని గనంతా దద్దరిల్లింది. గోడలు మూడుసార్లు ఆ శబ్దాన్ని తిరిగిచ్చాయి. గట్టుమీది కావలివాళ్లు నలభైమందీ గట్టుకవతల కనబడ్డారు. నేను నేలమీద ఉన్నాను. అధ్యక్షులు నాకంటే ముందే అక్కడున్నారు. రెండుకాళ్ల పందికి నుదుటిమీద బెజ్జం పడింది.

మౌలాలి ఒక్కడే నిలబడి ఉన్నాడు. పిస్తోలును అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. మొహం వెలిగిపోయింది.

"ఇదీ సార్ పిస్తోలంటే! యాడో దారి తప్పి వచ్చినట్టుండాది ఈ గుంపులోకి."

మళ్లీ కాల్చాడు. మళ్లీ పేలింది. వరుసగా తొమ్మిదిసార్లు పేలింది. పదోసారి మాత్రం టిక్కుమంది.

పరాంకుశం గారు లేచి ప్యాంటుకంటిన మట్టి దులుపుకున్నారు.

"తొంభై," అన్నారు. "నాసిరకం."

"సార్!"

"తొమ్మిదిసార్లు ఒక రకం, ఒకసారి ఇంకో రకం. దీని మాటకు నిలకడ లేదు మౌలాలీ. మిగతావాటిని చూసి నేర్చుకోవలసింది."

చివరికి ముప్పై తొమ్మిది పాసయ్యాయి. ఇరవై మూడో నంబరు పిడికి ఎర్ర చీటీ కట్టి, గోనెసంచిలో వేసి, మూతి కుట్టి, లక్క వేశారు.

సుంకన్న గట్టుదిగి చేతులు కట్టుకుని వచ్చాడు.

"సారూ, దాన్ని నాకియ్యండి. మా అక్క చేను గుట్టకానుకొని ఉండాది. పందులు ముందుగా నా మీదికే వస్తాయి."

"నీకు ఏడో నంబరు ఇస్తున్నాం. నూటికి నూరు."

"నూరు నాకొద్దు సారూ. ఆ తొంభై చాలు."

"తక్కువతో తృప్తిపడే ఈ మనస్తత్వమే మన దేశాన్ని వెనక్కి లాగుతోంది," అని పరాంకుశం గారు జీపెక్కారు.

పిస్తోళ్లు పంచిన మర్నాడు ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఒకే పంటకు రెండు రక్షణలు కల్పించడం వనరుల దుబారా కనుక, పిస్తోలు పొందిన చేలలో ఇతర రక్షణలన్నిటినీ తక్షణం తొలగించవలెను. రేకుడబ్బాలు, టపాకాయలు, కుక్కలు, చీరలు.

చీరలంటే మా దగ్గర కంచె. చేను చుట్టూ కర్రలు పాతి పాతచీరలు కడతాం. గాలికి ఆడుతుంటే పంది మనిషనుకుని జంకుతుంది. గంగులమ్మ చేను చుట్టూ ఇరవై ఆరు చీరలున్నాయి. సగం ఆమెవి, సగం వీధిలో అడుక్కున్నవి. వాటిని విప్పే పని కావలివాడిది. సుంకన్న అక్క చీరలు తనే విప్పి, మడతపెట్టి, "పసుపుది ఒకటి, కొంగు లేదు" అంటూ రసీదు రాసిచ్చాడు.

ఆ రసీదు పట్టుకుని గంగులమ్మ నన్ను వెంటబెట్టుకుని పరాంకుశం గారి ఆఫీసుకు వచ్చింది. ఆమె మనిషి పొట్టి, గొంతు పొడుగు.

"సారూ, ఆ నాసిరకం పిస్తోలేదో మా తమ్మునికిప్పించండి."

"అమ్మా, ప్రజలకు నాసిరకం ఇవ్వం."

"ఎందుకియ్యరు సారూ? నాసిరకం ఇత్తనాలిస్తిరి, ఏసుకొంటిమి. నాసిరకం పురుగుమందిస్తిరి, కొట్టుకొంటిమి. పొయినేడు నాసిరకం టార్పాలినిస్తిరి, వానొస్తే దాన్ని మేమే వాన పడకుండా కాపాడుకొంటిమి. ఎప్పుడన్నా ఎదురు చెప్తిమా? ఈ ఒక్కదానికాడ మా మీద ఇంత ప్రేమ యాడిదొచ్చె?"

పరాంకుశం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నిజంగానే కదిలారనుకుంటాను.

"అవి నాసిరకమని మాకు తర్వాత తెలిసిందమ్మా. ఇది ముందే తెలిసిపోయింది. తెలిసి ఇవ్వడం నేరం."

ఎనభై ఆరో రోజు వచ్చింది. తూర్పున తెలుపు కనబడే వేళకు పందులు గుట్ట దిగాయి. పెద్దవి ఐదు, పిల్లలు పదో పన్నెండో. సుంకన్న గుడిసెలోంచి వచ్చి, నేర్పినట్టే కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి, ఏడో నంబరు గురిపెట్టి నొక్కాడు. టిక్. ముందున్న పంది తలెత్తి చూసింది. చెవిలో ఏదో పురుగు చేరిందనుకుందేమో, ఒకసారి చెవి విదిలించి మళ్లీ మూతి నేలలో పెట్టింది. సుంకన్న పిస్తోలు మీద నమ్మకం వదలకుండా నొక్కుతూ, రాళ్లకుప్ప ఎక్కేశాడు. పిస్తోలు కూడా అతని నమ్మకాన్ని ఒక్కసారీ వమ్ము చేయలేదు.

పొద్దెక్కేసరికి ఎకరం పోయింది. నాలుగోరోజుకు ఇంకో అరెకరం. గంగులమ్మ చేలో తిరిగి, పందులు నమిలి ఉమ్మిన తొక్కలు కాలితో తిరగేసి చూసింది.

"ఇంగ రొండెకరాలుండాది," అంది. "పన్నెండు దినాలు ఆగితే కౌలూ తీరతాది, ఇంట్లో గింజలూ మిగుల్తాయి. అది గూడా పోతే నేను బెంగుళూరుకు పోయి ఇటికెలు మోయాల. రే సుంకన్నా, ఈ డబ్బా పట్టు."

నూనెడబ్బా. రేకుది.

"అక్కా, డబ్బా నిషేధం. నీకు నోటీసియ్యాల్సొస్తాది."

"ఇయ్యి, ఎవరన్నా చదివిపెడ్తే వింటా. ముందు దీన్ని కొట్టు."

"దేంతో కొట్టేది? డ్యూటీలో ఉన్నంతసేపు చేతిలోంచి పిస్తోలు దించగూడదు."

"దించొద్దురా నాయనా. దాంతోనే కొట్టు."

మర్నాడు తెల్లవారుతూనే పరాంకుశం గారు క్షేత్రస్థాయి పరిశీలనకు వచ్చారు. పిస్తోలుతో రైతులు ఆనందిస్తున్న ఫొటో ఒకటి పైకి పంపాలట. జీపులో మౌలాలి, నేను కూడా ఉన్నాం. గుట్ట మలుపు తిరగగానే చేలోంచి ఒక మోత. ధణ్! ధణ్! ధణ్! పందుల గుంపు జీపు ముందునుంచే దూసుకుంటూ గుట్ట పొదల్లోకి పోయింది.

మమ్మల్ని చూసి సుంకన్న బిగుసుకుపోయాడు. ఎడంచేతిలో నిషిద్ధ వస్తువు, కుడిచేతిలో ప్రభుత్వ ఆస్తి.

"ఏమిటా శబ్దం?" అన్నారు పరాంకుశం గారు.

సుంకన్న నోరు తెరిచేలోగా గంగులమ్మ అందుకుంది. "మీ పిస్తోలే సారూ. యేం మోత! పందులు పరిగెత్తింది చూస్తిరి గదా."

"పిస్తోలుదా?" ఆయన మొహంలో ముందు అనుమానం, ఆ వెంటనే ఆనందం వచ్చాయి. "మరి ఆ డబ్బా?"

మౌలాలి దగ్గాడు. "పిస్తోల్లోంచి శబ్దం బయటికి తీసే పరికరం సార్."

"అంటే అనుబంధ పరికరం. అది రెండో రక్షణ కిందికి రాదు." పరాంకుశం గారు పత్రం తీశారు. "ఏదీ, పదిసార్లు ప్రయోగించు."

సుంకన్న పదిసార్లు కొట్టాడు. పది మోతలు. ఆరో గడిలో నూరు. ఎవరూ అడగకుండానే తొమ్మిదో గడిలో కూడా "బహు బాగున్నది" అని స్వహస్తాలతో రాశారు. ఆ గడి నిండడం శాఖ చరిత్రలో మొదటిసారి.

అప్పుడు మౌలాలి మెల్లగా అన్నాడు. "సార్, పరీక్ష చేసే పద్ధతి మారింది గదా. ఇంగ నలభయ్యింటికీ మళ్లా చేయాల. ఆ ఇరవై మూడుకు గూడా. లేకుంటే రేపు ఆడిట్‌లో అడుగుతారు, దానికొక్కదానికి అన్యాయం ఎందుకు చేసినారని."

నాకర్థమైంది. రేకును కొట్టడానికి ఏ పిస్తోలైనా ఒకటే. పదికి పది మోతలొస్తాయి. ఎర్ర చీటీ ఊడుతుంది. పేలే పిస్తోలు సుంకన్న చేతికొస్తుంది. గంగులమ్మకు కూడా అర్థమైంది. ఆమె మౌలాలికి మజ్జిగ తెచ్చిచ్చింది, మాకివ్వలేదు.

ఆడిట్ మాట వినగానే పరాంకుశం గారికి చెమట పట్టింది. "రేపే," అన్నారు. పరీక్ష అక్కడే, ఆ చేలోనే. డబ్బా ప్రైవేటు ఆస్తి కనుక పొలం దాటించాలంటే అనుమతి కావాలి.

మర్నాడు ముప్పై తొమ్మిది పిస్తోళ్లు డబ్బామీద తమ విశ్వసనీయతను మరోసారి చాటుకున్నాయి. డబ్బాకు సొట్టలు పడ్డాయి కానీ మోత తగ్గలేదు. చివర్లో గోనెసంచి విప్పి ఇరవై మూడో నంబరు తీశారు. మౌలాలి అందులోంచి గుండ్లు దులపబోయాడు.

"ఆగు! విధి నిర్వహణలో ఆయుధము సర్వదా గుండ్లతో నిండి యుండవలెను. మిగతావాటిని గుండ్లతోనే పరీక్షించాం. దీనికొక్కదానికి సడలింపు ఇస్తే పక్షపాతం అవుతుంది."

"సార్, ఇది పేల్తాది. పేలే దాన్ని గుండ్లతో ఎవురన్నా డబ్బాకేసి బాదుతారా?"

"నీ వ్యక్తిగత అభిప్రాయం వద్దు. కొట్టు."

"నాకు మనవరాలి పెండ్లుంది సార్," అని మౌలాలి పిస్తోలును మెత్తగా దుప్పటి మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి, మరో పదడుగులు వెనక్కి, ఆనక రాళ్లకుప్ప వెనక్కి పోయాడు.

మేమంతా అక్కడే ఉన్నాం. గంగులమ్మ తమ్ముడి చొక్కా పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. "సారూ, వద్దు! మాకు నాసిరకమూ వద్దు, మంచిరకమూ వద్దు, ఆడ పెట్టేయండి!" అని అరిచింది.

పరాంకుశం గారిని నేను ఆ ఒక్క క్షణం గౌరవించాను. నియమం కోసం ప్రాణం ఇచ్చేవాళ్ల గురించి వినడమే కానీ చూడలేదు. ఆయన డబ్బాను గట్టుమీద పెట్టి, పిస్తోలు గొట్టం పట్టుకుని, లెక్కపెడుతూ బాదసాగారు. ఒకటి. రెండు. రాళ్లకుప్ప వెనక మేం కూడా లెక్కపెడుతున్నాం, లోపల్లోపల. ఎనిమిది. తొమ్మిది మోగగానే ఎందుకో ఆయన గొట్టం వదిలి పిడి పట్టుకున్నారు. చెయ్యి నొప్పెట్టిందట, తర్వాత చెప్పారు.

పదోది డబ్బా మోత కాదు.

గుండు డబ్బాలో ఇటు దూరి అటు వచ్చి, జీపు ముందు టైరులో ఆగింది. టైరు కూడా పేలింది. ఆ రెండు చప్పుళ్లూ కలిసి గుట్టకు తగిలి, లోయలోకి పోయి, మళ్లీ వచ్చాయి. పొదల్లో పొద్దుపోయేదాకా పడుకుందామనుకున్న పందులు కూనలతో సహా లేచి, గుట్ట నెత్తిమీదుగా వరసకట్టి పరిగెత్తడం అందరం చూశాం. అవి అవతలివైపు దిగిపోయాయి. అవతల వేరే మండలం. అది మా సంఘం పరిధిలోకి రాదు.

పరాంకుశం గారు సాలులో కూలబడి ఉన్నారు. ఒంటిమీద గీత కూడా పడలేదు. మేం చుట్టూ చేరి నీళ్లు పోశాం. కాసేపటికి చెవుల్లో హోరు తగ్గిందేమో, పత్రం కోసం చెయ్యి చాచారు.

"తొమ్మిది డబ్బా శబ్దాలు," అన్నారు సన్నగా. "ఇతర శబ్దం ఒకటి. తొంభై."

మౌలాలి తానే గోనెసంచి మూతి కుట్టాడు. ఆ పిస్తోలును నిర్మూలించడానికి రాజధానికి పంపారు. జీపు టైరు ఎండకు పేలిందని రాశారు. ముప్పై తొమ్మిది పిస్తోళ్ల పనితీరుకు మెచ్చి ఇంకో నాలుగువందలకు టెండరు పిలిచారు. డబ్బాలకు కూడా వేరే పిలిచారు. అవి వచ్చాయి, ప్లాస్టిక్‌వి.

గంగులమ్మ ఇవేవీ పట్టించుకోలేదు. మర్నాటినుంచి రోజూ తెల్లారగానే గుట్టకేసి చూసింది. ఒక రోజు గడిచింది, మూడు రోజులు, వారం. పందుల జాడ లేదు. పన్నెండోరోజు వీధిలో ఆడవాళ్లందరినీ పిలుచుకుని రెండెకరాలూ పీకించింది. ఒక్కో చెట్టుకు పాతిక ముప్పై కాయలు. కుప్ప వేసి, పచ్చికాయ కొంచెం ఉప్పేసి ఉడకబెట్టి, మౌలాలిని కబురంపి పిలిపించి, సుంకన్నతో కలిపి మా ముగ్గురికీ చాటలో పోసింది.

సుంకన్న ఇంకా దిగులుగానే ఉన్నాడు. "ఆ ఇరవై మూడు నా చేతికొచ్చింటేనా అక్కా..."

"వచ్చింటే నువ్వు ఒక పందిని కొట్టింటావు, మిగతాయి మళ్లా వచ్చిండేవి," అంది గంగులమ్మ. నావైపు తిరిగింది. "అన్నా, ఆ సారు మళ్లా ఎప్పుడొస్తాడు?"

"ఎందుకమ్మా?"

"నాకు పిస్తోలొద్దు, కావలొద్దు. వచ్చే యేడు కాయ గట్టిపడే టయానికి ఆయప్ప వచ్చి ఒకసారి పరీక్ష చేసిపోతే చాలు."

"ఆయన రావాలంటే అర్జీ పెట్టాలి," అన్నాను.

ఆమె వేళ్లమీద ఏదో లెక్కేసుకుంది.

"ఇత్తనం ఏసిన దినమే పెట్టన్నా. ఆ బల్లమీది నుంచి ఈ బల్లమీదికి నడిచి నడిచి, సరిగ్గా ఆ టయానికి చేరుకుంటాది."